సముద్ర నాచును మనుషుల మీద పరీక్షించండి
కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నంలో ఫార్మసీ విద్యార్థులకు ఏళ్ల తరబడి ఫార్మకాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. సముద్ర నాచు నుంచి తీసిన సారాలు కీళ్ల వాపునీ నొప్పినీ తగ్గిస్తాయన్న మాట ఇప్పుడు మందుల షాపుల్లో, ఫోన్లలో వచ్చే ప్రకటనల్లో, బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల కబుర్లలో తరచూ వినిపిస్తోంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎంత నిజం, ఏ నాచు విషయంలో నిజం, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పడదు అన్నది మాత్రం డబ్బు పెట్టి కొనేవాడికి చెప్పే దిక్కు లేదు. చెప్పించే అధికారం మీ శాఖకు ఉంది. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మీ కిందే ఉంది, ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా మీ కిందే ఉంది. అందుకే ఈ ఉత్తరం మత్స్యశాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

"మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అని డాక్టరు చెప్పాక మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఆపరేషన్ అంటే భయం, ఆపైన ఖర్చు. వరి నాట్లకు పోయే ఆడమనిషికి నెలల తరబడి ఇంట్లో కూర్చునే వీలెక్కడిది? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకుంటుంది, లేదా షాపులో చీటీ లేకుండా ఇచ్చే నొప్పి బిళ్లలు తెచ్చుకుంటుంది. నొప్పి తగ్గుతుంది, పని నడుస్తుంది. ఈ బిళ్లలు వాపును తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపి. కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ ఆ రసాయనాలే. ఏళ్ల తరబడి వాటిని ఆపుతూ పోతే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అక్కడి లాగా కిడ్నీలు ముందే నీరసించిన మనిషికి రోజూ నొప్పి బిళ్ల వేయడం ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి మాత్రం కొత్త పరిశోధన అక్కర్లేదు.

అందుచేత "దీని బదులు ప్రకృతిలో దొరికేది ఏదైనా ఉందా?" అని అడిగేవాళ్లను నేను తక్కువగా చూడను. వాళ్లు అడుగుతున్నది సరైన ప్రశ్న. మన అడవుల్లో ఎర్రగా, పసుపుగా పూసే అడవినాభి దుంపలో, గింజల్లో కొల్చిసిన్ ఉంటుంది. గౌట్ వాపుకు డాక్టర్లు ఇప్పటికీ రాసే మందు అది. మోతాదు దాటితే ప్రాణం తీస్తుంది కూడా. మొక్క నుంచి వచ్చినదాన్ని వాడదగిన మందుగా మార్చేది కొలత, పరీక్ష. నాచుకు ఆ రెండూ జరిపించమనే నా మనవి.

వాపు తగ్గించే మందును ప్రయోగశాలలో పరీక్షించాలంటే ముందు వాపు పుట్టించాలి. అందుకు ప్రపంచమంతటా వాడే పదార్థం క్యారజీనన్. అది ఎర్ర నాచు నుంచి వస్తుంది. 1962లో అమెరికాలోని మెర్క్ సంస్థలో సి.ఎ. వింటర్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రచురించారు. మా ల్యాబులోనూ అదే చేసేవాళ్లం. ఎలుక వెనక కాలి పాదంలోకి ఒక శాతం క్యారజీనన్ ద్రావణాన్ని సన్నని సూదితో 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తాం. చీలమండ దగ్గర సిరాతో గుర్తు గీసి, ఆ గుర్తు దాకా పాదాన్ని పాదరసం నింపిన గొట్టంలో ముంచుతాం. పాదరసం ఎంత పైకి లేచిందో అదే పాదం కొలత. గంటకోసారి కొలుస్తూ పోతే, మూడో గంటకల్లా పాదం ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతుంది. ఎలుక ఆ కాలిని నేల మీద ఆనించదు. ముందుగా మందు ఇచ్చిన ఎలుకలో ఉబ్బు ఎంత తక్కువగా ఉందో చూసి, "ఇంత శాతం వాపును అడ్డుకుంది" అని రికార్డు పుస్తకంలో రాస్తాం.

నాచు సారాలు వాపును తగ్గిస్తాయని వచ్చిన పరిశోధనా పత్రాల్లో చాలా భాగం ఈ ఎలుక పాదం దగ్గరో, గాజు పళ్లెంలో పెంచిన కణాల దగ్గరో ఆగిపోయాయి. కొన్ని గంటల్లో పుట్టించిన వాపు వేరు, అరవయ్యేళ్ల మనిషి మోకాలిలో పదేళ్లుగా సాగుతున్న అరుగుదల వేరు. పైగా వాపు పుట్టించే పదార్థమూ, తగ్గించగలదన్న పదార్థమూ రెండూ నాచుల్లోనే ఉన్నప్పుడు, డబ్బా మీద "సముద్ర నాచు సారం" అని రాసినంత మాత్రాన ఏమీ చెప్పినట్టు కాదు. (ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి కలిపే క్యారజీనన్‌ను తినడం వేరు, సూదితో ఒంట్లోకి ఎక్కించడం వేరు. తినేదాని గురించి ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు.)

అయినా గోధుమ రంగు నాచుల్లో ఉండే ఫ్యూకోయిడాన్‌ను తేలిగ్గా తీసిపారేయలేం. 1913లో స్వీడన్ శాస్త్రవేత్త కైలిన్ దీన్ని వేరుచేశాడు. ఇది గంధకం చేరిన పొడవాటి చక్కెర గొలుసు. దెబ్బ తగిలిన చోటికి రక్తంలోని తెల్ల కణాలు చేరాలంటే ముందు రక్తనాళం గోడను పట్టుకోవాలి. గోడ మీద సెలెక్టిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. పల్లేరుకాయ బట్టను పట్టుకున్నట్టు, వేగంగా పోయే కణాలను అవి పట్టి నెమ్మదింపజేస్తాయి. అలా నెమ్మదించిన కణాలు అక్కడ ఆగి, గోడ దాటి బయటికి వచ్చి వాపును పెంచుతాయి. ఫ్యూకోయిడాన్ వెళ్లి ఆ సెలెక్టిన్లకు తానే అతుక్కుని కూర్చుంటుంది. దాంతో కణాలకు ఆగే చోటు దొరకదు. ప్రయోగశాలల్లో, జంతువుల్లో పదేపదే కనిపించిన సంగతి ఇది. నాలాంటివాడికి ఇది చదివినప్పుడల్లా ఆశ పుడుతుంది. కాకపోతే జంతువులకు దీన్ని చాలాసార్లు సూదితో ఎక్కించారు. మన మోకాళ్ల నొప్పులవాళ్లు మింగేది క్యాప్సూలు. ఇంత పెద్ద గొలుసు పేగు గోడ దాటి రక్తంలో కలిసేది చాలా తక్కువ.

మనుషుల మీద పరీక్షించినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోని సదరన్ క్రాస్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ మైయర్స్ బృందం కీళ్ల అరుగుదల ఉన్న 12 మందికి మూడు రకాల గోధుమ నాచుల సారాన్ని, కొంచెం విటమిన్ బి6, జింకు, మాంగనీసు కలిపి ఇచ్చింది. రోజుకు 100 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో బాధ 18 శాతం, 1000 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 52 శాతం తగ్గిందని 2010లో ప్రచురించింది. వినడానికి ఎంతో బాగుంది. కానీ తాము ఏం మింగుతున్నామో ఆ 12 మందికీ తెలుసు. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు లేదు. నొప్పి విషయంలో మందు మీద నమ్మకమే సగం పని చేస్తుంది, దాన్ని విడదీయకపోతే మందు సంగతి తేలదు.

అదే బృందం తర్వాత గట్టి పరీక్షకు దిగింది. తుంటి, మోకాలి అరుగుదల ఉన్న 122 మందిని చేర్చుకుని, కొందరికి ఫ్యూకస్ అనే గోధుమ నాచు సారం రోజుకు 300 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు 12 వారాల పాటు ఇచ్చింది. ఎవరికి ఏది వెళుతోందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, పుచ్చుకునేవాళ్లకూ తెలియదు. 2016లో ఫలితం వచ్చింది. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. సారం వల్ల హాని కూడా కనిపించలేదు. మొదటిసారి పెట్టుకున్న ఆశ రెండోసారి నిలబడలేదని దాచుకోకుండా ప్రచురించిన ఆ బృందానికి నేను మనసారా నమస్కరిస్తాను. సారం మారింది, మోతాదు మారింది కాబట్టి అదే ఆఖరి తీర్పు కాదు. కానీ నేను చూసిన ప్రకటనల్లో "పరిశోధనల్లో తేలింది" అనే మాట ఉంటుందే తప్ప, ఎవరి మీద తేలిందో, ఏ పరిశోధనలో తేలలేదో ఒక్క ముక్క ఉండదు.

ఫ్యూకస్ చల్లటి సముద్రాల నాచు. మన తీరంలో పెరగదు. మనకున్నవి వేరు. భీమిలి వైపు రాళ్లు తేలిన చోట ఆటు సమయంలో దిగి చూడండి. పచ్చగా, పల్చగా, కాలు పెడితే జారిపోయే ఉల్వా కనిపిస్తుంది. లాగినా రాయిని ఓ పట్టాన వదలని ముదురు ఎరుపు గ్రాసిలేరియా, అలల దెబ్బ తగిలే చోట చిన్న చిన్న గాలి బుడగలతో తేలే సర్గాసమ్, అంచులు లోపలికి చుట్టుకున్న పడీనా అన్నీ ఒకే రాతి మీద ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లోనే ఈ విశాఖ రాళ్ల మీది నాచుల గురించి శాస్త్రీయంగా రాశారు. నాచు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. కోసిన నెల, ఎండబెట్టిన తీరు, సారాన్ని వేడినీళ్లతో తీశారా ఆమ్లంతో తీశారా అన్నదాన్ని బట్టి అందులోని పదార్థాల పాళ్లు మారిపోతాయి. ఆమ్లం ఎక్కువైతే ఫ్యూకోయిడాన్ గొలుసు ముక్కలవుతుంది. ఆస్ట్రేలియాలో ఫ్యూకస్‌కు వచ్చిన ఫలితాన్ని, మంచిదైనా చెడ్డదైనా, మన సర్గాసమ్‌కు అంటగట్టలేం. మన నాచును మనమే పరీక్షించుకోవాలి.

ఈ దారిలో మనవాళ్లు ఖాళీగా కూర్చోలేదు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన తీరపు నాచుల మీద ఏళ్లుగా పనిచేసి, కీళ్ల నొప్పులకు కడల్మిన్ పేరుతో నాచు సారాన్ని తయారుచేసింది. మధుమేహం, కొలెస్ట్రాల్, రక్తపోటు వంటి వాటికీ తర్వాత సారాలు తెచ్చింది. ఆ శాస్త్రవేత్తల పని పట్ల నాకు గౌరవం ఉంది. కానీ అది చేపల పరిశోధన సంస్థ. ఆస్పత్రుల్లో వందల మంది రోగుల మీద, నెలల తరబడి పరీక్ష నడిపించడం ఐసీఎంఆర్ చేయాల్సిన పని.

సాగు వైపు డబ్బు బాగానే కదిలింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచుకు 640 కోట్ల రూపాయలు కేటాయించి, 11.2 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకున్నారు. తమిళనాడు రామనాథపురం తీరంలో వెదురు తెప్పలకు తాళ్లు కట్టి, 45 రోజులకో కోత చొప్పున కప్పాఫైకస్ నాచు పెంచే ఆడవాళ్లున్నారు. వాళ్ల ఇల్లు గడిచేది దాని మీదే. నాచుకు మందుగా పేరొస్తే వాళ్లకు మేలే. ఆ పేరు ఉత్తదని రేపు తేలితే, లేదా ఏ నాచు డబ్బా వల్లనో నలుగురికి థైరాయిడ్ చెడిందని వార్త వస్తే, మొదట ధర పడిపోయేది వాళ్ల తెప్పల మీదే.

థైరాయిడ్ మాట ఊరికే తేలేదు. మా వీధిలోని మందుల షాపులో నేను నిలబడి ఉండగానే ఒక పెద్దావిడ నాచు క్యాప్సూళ్ల డబ్బా పట్టుకుని, "బాబూ, నేను పొద్దున్నే థైరాయిడ్ బిళ్ల వేసుకుంటాను, ఇది పడుతుందా?" అని అడిగింది. "సముద్రంలోంచి తీసింది మామ్మగారూ, సైడ్ ఎఫెక్టులేం ఉండవు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరు చెప్పారు గనక? డబ్బా అడిగి తీసుకుని తిప్పి చూశాను. ముందువైపు మోకాలి బొమ్మ. వెనక, కళ్లజోడు ఉన్నా కష్టపడి చదవాల్సిన ఇంగ్లీషు అక్షరాల్లో, ఇది ఔషధ వినియోగానికి కాదని ఒక వాక్యం. సారం ఎన్ని మిల్లీగ్రాములో ఉంది. ఏ జాతి నాచో లేదు. అయోడిన్ ఎంతో అసలే లేదు.

అయోడిన్ అనే మూలకం మనిషి కంట పడిందే నాచు బూడిదలో, 1811లో, బెర్నార్డ్ కూర్త్వా అనే ఫ్రెంచి రసాయనవేత్తకు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. 1,100 దాటకూడదని అమెరికా ప్రమాణం, 600 దాటకూడదని ఐరోపా ప్రమాణం. తినడానికి అమ్మే నాచులను కొలిచి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నోరి అనే పల్చటి నాచులో గ్రాముకు 16 మైక్రోగ్రాములు ఉంటే, కెల్ప్ అనే గోధుమ నాచు గుళికల్లో గ్రాముకు 8,165 తేలింది. మొదటిది అర గ్రాము తింటే లెక్కలోకే రాదు. రెండోది అర గ్రాముకే 4,000 దాటుతుంది. రెండింటినీ నాచు అనే అంటారు. మనం తినే ఉప్పులో 2006 నుంచి అయోడిన్ తప్పనిసరి. ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే పది గ్రాముల ఉప్పులోనే 150 మైక్రోగ్రాములు వచ్చేస్తాయి. దాని మీద ఎంతో తెలియని అయోడిన్ రోజూ పడితే థైరాయిడ్ గ్రంథి కొందరిలో అతిగా, కొందరిలో మందకొడిగా మారుతుంది. జబ్బు ముందే ఉన్నవాళ్లకు, గర్భిణులకు ప్రమాదం ఇంకా ఎక్కువ. శుద్ధి చేసిన సారంలో అయోడిన్ బాగా తగ్గిపోయి ఉండవచ్చు కూడా. తగ్గితే మంచిదే, ఆ అంకె కొలిచి డబ్బా మీద వేయమనండి.

ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఫ్యూకోయిడాన్‌కు హెపారిన్ అనే మందు మాదిరి రక్తాన్ని పలుచన చేసే గుణం ఉంది. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు అది తెలియాలి. హిజికి అనే జపాన్ నాచులో ఆర్సెనిక్ ఎక్కువని, దాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లో హెచ్చరించింది. చుట్టూ నీటిలో ఉన్న లోహాలను నాచు పీల్చుకుంటుంది. ఓడరేవులు, ఫ్యాక్టరీల పక్కన ఏరిన నాచును పరీక్షించకుండా మందు పేరుతో అమ్మనివ్వకూడదు.

అయ్యా, ఇక నా విన్నపం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల మన ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంతుందో కొలిచి పట్టికలు వేసింది. బజారులో, ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నాచు ఉత్పత్తులను ఆ సంస్థ చేతికివ్వండి. ఒక్కోదానిలో అయోడిన్, ఆర్సెనిక్, సీసం, కాడ్మియం ఎంతో కొలిపించి, ఉత్పత్తి పేరుతో సహా అందరికీ కనిపించేలా ప్రచురించండి. నాచు జాతి పేరు, రోజు మోతాదులో వచ్చే అయోడిన్, "థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలుచబడే మందు వాడేవాళ్లు డాక్టరును అడగాలి" అనే హెచ్చరిక ప్రతి డబ్బా ముందువైపున, అమ్మే రాష్ట్రపు భాషలో, చదవగలిగే అక్షరాల్లో ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చేత ఉత్తర్వు ఇప్పించండి. కీళ్లవాతాన్ని నయం చేస్తామని మందుల ప్రకటనలు వేయడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. మందు కాదు ఆహారమే అని వెనక రాసి, ముందు మోకాలి బొమ్మతో అదే ఆశను అమ్మడం ఆ చట్టం స్ఫూర్తికి విరుద్ధం. దాన్ని ఆపించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పరీక్ష. హైదరాబాద్ నిమ్స్‌లో, విశాఖ కేజీహెచ్‌లో, కొచ్చి, చెన్నై వైపు ఒకటి రెండు ప్రభుత్వ ఆస్పత్రుల్లో మోకాళ్ల అరుగుదల ఉన్న రోగుల మీద, మన తీరపు నాచు సారంతో, ఉత్తుత్తి మందుతో పోలుస్తూ కనీసం ఆరు నెలలు జరగాలి. మొదలయ్యే ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. నొప్పి ఎంత తగ్గిందన్న ప్రశ్నతో ఆపకుండా, రోగి వేసుకునే నొప్పి బిళ్లలు వారానికి ఎన్ని తగ్గాయో లెక్కపెట్టమని నా సలహా. ఉద్దానం లాంటి చోట నాట్లకు పోయే ఆడమనిషికి కావలసిన అంకె అదే. మొదట్లో, చివర్లో థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కిడ్నీలకు క్రియాటినిన్ పరీక్షలు అందరికీ చేయించాలి. ఫలితం ఎటు తేలినా ప్రచురించాలి. పనిచేస్తుందని తేలితే జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకు పెట్టండి. పనిచేయదని తేలితే ఆ మాట కూడా మీరే, తెలుగులోనూ, తమిళంలోనూ, మలయాళంలోనూ చెప్పండి. పేదవాళ్ల డబ్బు మిగులుతుంది.

ఈ ఉత్తరం చదువుతున్న పాఠకులకు ఒక మాట. తొడ కండరాలకు రోజూ చేసే వ్యాయామం, బరువు తగ్గడం మోకాలికి మేలు చేస్తాయని ఇప్పటికే తేలింది, వాటిని నాచు కోసం ఆపకండి. డాక్టరు ఇచ్చిన మందు మానేసి నాచు క్యాప్సూలుకు మారకండి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు, థైరాయిడ్ బిళ్లో రక్తం పలుచబడే మందో వేసుకునేవాళ్లయితే, ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

భవదీయుడు,
విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకుడు,
విశాఖపట్నం